ఎల్లేశానికి అద్దం కట్టించిన శుక్రవారం

బతికున్న మనిషి బొమ్మకు అద్దం బిగించి గోడకు వేలాడదీస్తే ఆ మనిషి ఆయుష్షు తరుగుతుందని గోదావరిఖనిలో చాలామంది నమ్మకం. పెళ్లి ఫోటోలకు మినహాయింపు ఉంది, వాటిలో ఇద్దరుంటారు. దేవుళ్లకూ ఉంది, వాళ్లకు ఆయుష్షు సమస్య లేదు. ఒంటరిగా అద్దం వెనక చేరిన మనిషి మాత్రం పోయినవాడై ఉండాలి, లేదా పోబోతున్నవాడై ఉండాలి. ఈ నమ్మకాన్ని ఎవరైనా పరీక్షించిన దాఖలా లేదు. పరీక్షకు కావలసిన పటం ఏ ఇంట్లోనూ లేకపోవడమే అందుకు కారణం.

బొగ్గు గనుల కంపెనీలో ముప్పై నాలుగేళ్లు సర్వేయరుగా చేసి రిటైరైన జగదీశ్వర్ ఇటువంటి వాటిని లెక్కలోకి తీసుకునే మనిషి కాడు. మే నెలలో ఆ శుక్రవారం ఉదయం ఆయన పెట్టుకున్న పనులు మూడే: బొమ్మను సదానందం దుకాణంలో ఫ్రేము కట్టించడం, ఎండ నడినెత్తికి ఎక్కకముందే ఇంటికి చేర్చడం, హాలు పడమటి గోడకు నేల నుంచి అయిదడుగుల రెండంగుళాల ఎత్తున వేలాడదీయడం. కొలత ముందురోజే తీసి పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నాడు.

ఆ బొమ్మ వెనక ఒక పందెం వంటిది ఉంది. కమ్యూనిటీ హాలులో కొత్త చిత్రకారుల బొమ్మల ప్రదర్శన జరిగినప్పుడు జగదీశ్వర్ హాలంతా మూడుసార్లు తిరిగాడు. జలపాతాలున్నాయి, నెమళ్లున్నాయి, కళ్లు మూసుకున్న బుద్ధులు అయిదుగురున్నారు. చివరి మూలన జమున అనే అమ్మాయి వేసిన ముఖం ఒకటుంది. బొగ్గుపొడిని బంకలో కలిపి గుడ్డమీద వేసిన ముఖం. తలమీద హెల్మెట్, నుదుట దీపం, ఆ దీపం కింద గనిలో రాలబోయే పైకప్పును వింటున్నట్టున్న రెండు కళ్లు. అది బొగ్గు తవ్వే కోల్ కట్టర్‌గా చేసి రిటైరైన ఎల్లేశం ముఖం. అటువంటి ముఖాలను భూమి లోపల వేలసార్లు చూసిన జగదీశ్వర్, ఒక్కదాన్ని కూడా సరిగా చూడలేదని ఆ మూలన నిలబడి తెలుసుకున్నాడు.

జమునకు హైదరాబాదులో చిత్రకళ పైచదువుకు సీటు వచ్చింది. తండ్రి నర్సింగం, ఓపెన్ కాస్టు గనిలో డంపర్ లారీ నడుపుతాడు, చేరే కాగితం మీద సంతకం పెట్టడం లేదు. జగదీశ్వర్ వాళ్లింటికి వెళ్లి గంటసేపు వాదించాడు.

"సార్, మీరు పెద్దలు," అన్నాడు నర్సింగం చివరికి. "నా బిడ్డ ఏసిన బొమ్మను చుట్టం గాని మనిషి ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, నెల దినాలు ఇంట్ల గోడకు పెట్టుకోనియ్. అప్పుడు దస్కతు పెడ్త."

"నేనే పెట్టుకుంట," అన్నాడు జగదీశ్వర్.

సంతకానికి గడువు జూన్ పంతొమ్మిది. ఆనాటికి సరిగ్గా నెల కావాలంటే బొమ్మ ఈ శుక్రవారమే గోడ ఎక్కాలి.

ఇంట్లో మరో అభిప్రాయం లేకపోలేదు. భార్య రమ ఆ గోడను ఏడాదిగా ఏడు గుర్రాల బొమ్మ కోసం ఖాళీగా ఉంచింది.

"ఏడు గుర్రాలు తెస్తనంటివి. పొద్దుగాల లేస్తే నేను ఎల్లేశం మొఖం సూడాల్నా?"

"గుర్రాలు ఎటు ఉరుకుతున్నయ్, చెప్పు."

"మంచికే ఉరుకుతున్నయ్."

"ఏడు గుర్రాల బొమ్మలు ఈ లైన్ల ఎనిమిది ఇండ్లల్ల ఉన్నయ్. ఒక్కటన్న ఎక్కడికన్న చేరిందా?"

రమ వంటింట్లోకి వెళ్లిపోయింది. ఓడిపోయిందని జగదీశ్వర్ అనుకున్నాడు. ముప్పయ్యేళ్ల కాపురంలో ఆయన ఈ తప్పు తరచుగా చేస్తూనే ఉన్నాడు.

సదానందం దుకాణంలో బొమ్మను బల్లమీద పెట్టగానే సదానందం చేతిలోని సుత్తి కింద పెట్టాడు. కాసేపు ఆ ముఖాన్ని చూశాడు.

"ఎల్లేశం కాక," అన్నాడు మెల్లగా. "మంచి మనిషి సార్."

"మంచి మనిషే. నల్లంచు పెట్టు. బొగ్గుపొడి రాలకుండ అద్దం బిగించు. పన్నెండు లోపల అయిపోవాలె."

అంత తొందరగా పని అడిగేవాళ్లు ఆ దుకాణానికి ఒక్క సందర్భంలోనే వస్తారు. సదానందం ఇంకేమీ అడగలేదు. చేస్తున్న పెళ్లి ఫోటోను పక్కన పెట్టి, ఈ పని ముందు చేశాడు. అడగకుండానే ఫ్రేము పైమూలల్లో రెండు చిన్న కొక్కేలు కూడా బిగించాడు. అవి దండకోసమని జగదీశ్వర్‌కు తట్టలేదు. బరువు సమంగా పంచడానికై ఉంటుందని, పనివాడి శ్రద్ధను లోలోపల మెచ్చుకున్నాడు.

తీసుకెళ్లడానికి ఆటో నడిపే అంజిని పిలిచాడు. మోకాలు తగిలి అద్దం పగలకుండా బొమ్మ ముఖాన్ని బయటికి తిప్పి, రెండు చేతులా నిటారుగా పట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాడు.

"నిమ్మళంగ పోనియ్, అంజీ."

అంజి ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. పాట ఆపేశాడు. ఇండికేటర్లు రెండూ వేసి, నడిచే మనిషి వేగంతో ఆటోను కదిలించాడు.

చౌరస్తా దగ్గర జగదీశ్వర్ ఊహించనిది జరిగింది. చాయ్ హోటల్ ముందు కూర్చున్న రిటైరైన కార్మికులు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. ఒకాయన తలకు చుట్టిన తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎదురుగా వస్తున్న మోటారు సైకిలు ఆగి, ఇంజను కూడా ఆపుకుంది. కూరగాయల బండి దగ్గర ఒకామె చేతులు జోడించింది. ఈ ఊరికి కళ అంటే ఇంత గౌరవముందని తాను ఇన్నేళ్లూ గుర్తించలేదే అనుకున్నాడు జగదీశ్వర్. కళ్లు చెమర్చాయి. ఆ కళ్లను కూడా అందరూ చూశారు.

పన్నెండు నలభైకి బొమ్మ గోడ ఎక్కింది. జగదీశ్వర్ టేపు పెట్టి కొలిచాడు. అయిదడుగుల రెండంగుళాలే.

శుక్రవారం కనుక రమ అగరుబత్తీలు వెలిగించి ఇంట్లోని పటాలన్నిటికీ వరసగా చూపిస్తూ వచ్చింది. ఆ ఇంట్లో ఇంతకాలం అద్దం వెనక ఉన్నవన్నీ దేవుళ్లే. చేయి అలవాటు కొద్దీ ఎల్లేశం ముందు కూడా మూడుసార్లు తిరిగింది. మిగిలిన బత్తీలను ఆ పటం కిందే గుచ్చింది. సరిగ్గా అప్పుడే చౌరస్తా హోటలు నుంచి మొదటి నలుగురు గడపలో చెప్పులు విడిచారు. పొగలో ఎల్లేశం ముఖం చూశారు. చూసి, గోడవారగా కింద కూర్చున్నారు.

"కుర్చీల కూసోండ్రి," అన్నాడు జగదీశ్వర్ ఉత్సాహంగా. "ఎట్లున్నది?"

"ఏం జెప్తం సార్," అన్నాడు తువ్వాలాయన. "మొన్ననే నాతోని చాయ్ తాగిండు."

"కండ్లు చూసిన్రా? ఆ కండ్లల్లనే ఉన్నదంత."

నలుగురూ తలలూపారు. ఒకాయన ముక్కు చీదాడు. చూసినవాళ్లను ఏడిపించగలిగిన బొమ్మ! జగదీశ్వర్ మనసులో నర్సింగంతో మళ్లీ వాదించి, ఈసారి పది నిమిషాల్లో గెలిచాడు. మనుషులు ఇంకా వస్తూనే ఉన్నారు. పక్కింటావిడ అన్నం గిన్నె తెచ్చి వంటింట్లో పెట్టి, "మీ ఇంట్ల పొయ్యి ముట్టియ్యలే కావచ్చు," అన్నప్పుడు ఆయనకు మొదటిసారి చిన్న అనుమానం కలిగింది.

గడప అవతల మాటలు వినిపించాయి. "ఎల్లేశం పెద్దపల్లికి పోయిండట, భూమి కాయిదాల పనికి. బస్టాండ్ల వడదెబ్బ కొట్టిందట." "ఫోన్ చేస్తే లేపుతలేడు." "ఇంట్లోళ్లకు ఎరికేనా?" "ఏమో! సర్వే సార్‌కయితే ముందుగల్ల తెల్సింది. పటం గూడ కట్టించిండు. ఆఫీసోళ్లు అన్నీ జల్ది చేస్కుంటరు."

జగదీశ్వర్ లేచి నోరు తెరిచేలోగా వీధి మలుపులో శోకం వినిపించింది. ఎల్లేశం భార్య లస్మవ్వ పదిమంది ఆడవాళ్ల మధ్య వచ్చి, హాలు మధ్యలో కూలబడి, పటంవైపు రెండు చేతులు చాచింది.

"నాకంటె ముందుగాల నీకెట్ల తెల్సె, సారూ?"

"లస్మవ్వా, ఎల్లేశానికి ఏం కాలే!"

"ఏం కాకుంటె పటమెందుకు కట్టిస్తివి?"

ప్రశ్న న్యాయమైనదేనని అందరి ముఖాల్లోనూ కనిపించింది.

"ఇది బొమ్మ. కళ. బతికున్నోళ్ల బొమ్మలు రాజులు ఏయించుకున్నరు. మన చౌరస్తల చూడుండ్రి, ఎంతమంది లీడర్ల బొమ్మలున్నయ్! వాళ్లంత బతికి లేరా?"

"అవి ఫ్లెక్సీలు సార్," అన్నాడు తువ్వాలాయన ఓపికగా. "ఇది అద్దం పటం."

ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఏ ఆఫీసరూ జగదీశ్వర్ నోరు ఇంత పూర్తిగా మూయించలేదు. ఎల్లేశానికి ఫోన్ చేయమన్నాడు. అది ఇంట్లో చార్జింగుకు పెట్టి ఉందని లస్మవ్వ చెప్పింది. అంజిని పంపి జమునను, నర్సింగాన్ని పిలిపించాడు.

జమున వచ్చి లస్మవ్వ పక్కన కూర్చుంది. "అవ్వా, నేనే ఏసిన. తాత నాలుగు ఆయితారాలు నా ముందల కూసున్నడు."

లస్మవ్వ ఏడుపు ఆగింది. "ఆయితారాలా? యూనియన్ మీటింగని పోయెటోడు!"

"నీకు చెప్తె నవ్వుతవని చెప్పలే అన్నడు."

"నాతోని అబద్ధమాడిండా? ఇంటికి రానియ్, వాని..." అని చెయ్యెత్తి, పటం చూసి, ఇంక ఇంటికి రాడని గుర్తొచ్చి, లస్మవ్వ మునుపటికంటే గట్టిగా ఏడ్చింది.

రెండు నలభై దాటాక, భుజాన తువ్వాలు, చంకలో కాగితాల సంచీతో ఒక ముసలాయన వచ్చాడు. బస్సు దిగి హోటలుకు వెళితే బల్లలు ఖాళీగా ఉన్నాయి. సర్వే సార్ ఇంట్లో ఎవరో పోయారని, అందరూ అక్కడే ఉన్నారని హోటలతను చెప్పాడు. మర్యాద తెలిసిన మనిషి కనుక ఇంటికైనా వెళ్లకుండా నేరుగా వచ్చాడు. చెప్పులు విడిచి, అందరి వెనక తలవంచుకుని కూర్చున్నాడు. ముందున్న వీపును వేలితో తట్టాడు.

"ఎవరు పోయిండ్రు?"

"ఎల్లేశం," అన్నాడు ముందున్నాయన తిరిగి చూడకుండా.

"ఏ ఎల్లేశం?"

"కోల్ కట్టర్ ఎల్లేశం."

"పాపం," అన్నాడు ఎల్లేశం. తర్వాత తల ఎత్తి గోడవంక చూశాడు.

ఆ తర్వాత కొద్ది నిమిషాలు ఎవరు ఎవరిని పట్టుకున్నారో చెప్పడం కష్టం. లస్మవ్వ భర్తను ముందు తడిమి చూసింది, తర్వాత నాలుగు ఆదివారాలకూ కలిపి వీపుమీద ఒకటేసింది. తేరుకున్నాక ఎల్లేశం అన్న మొదటి మాట: "దించుండ్రి."

"ఎల్లేశం, నువ్వే కూసున్నవ్ గద!"

"కూసున్న సార్. అద్దం కడ్తరని చెప్పలే. నాకు గుండెల దడదడ అంటున్నది."

"ఒక్క నెల. ఆ పిల్ల చదువు దీనిమీద ఉన్నది."

"నెల దినాలు అది గోడకుంటె నేనెక్కడుంట సార్?"

కిక్కిరిసిన హాలులో జగదీశ్వర్ పక్షాన ఒక్కరూ లేరు. ఎల్లేశం నిజంగానే చెమటలు కక్కుతున్నాడు. అది ఎండదో భయానిదో తేల్చే సాధనం దగ్గర లేదు. జగదీశ్వర్ స్టూలు ఎక్కి, రెండు యాభైకి, తన చేతులతోనే పటాన్ని దించాడు. లస్మవ్వ దాన్ని కొంగుతో తుడిచి చంకన పెట్టుకుంది.

"నా దగ్గరుంటది. చీరల చుట్టి మంచం కింద పెడ్త. ఎన్నటికన్న పనికొస్తది."

ఎల్లేశం ఆమెవంక చూశాడు.

జనం తగ్గాక జగదీశ్వర్ నర్సింగం ముందు నిలబడ్డాడు. "నెల కాలే. తప్పు నాది. పిల్లది గాదు."

"నెల దేనికి సార్?" అన్నాడు నర్సింగం. అతని కళ్లు మెరుస్తున్నాయి. "నడిచే ఆటోల చూసి చౌరస్త మొత్తం గుర్తుపట్టింది. కట్టుకున్నదే నమ్మి ఏడ్సింది. నా బిడ్డ చేతిల గింత పని ఉన్నదని నాకు తెల్వనే తెల్వది. నాది తప్పు, ఒప్పుకుంటున్న."

జగదీశ్వర్ గుండె తేలికైంది. జమున బ్యాగులోంచి కాగితం, పెన్ను తీసింది.

"ఇంత వచ్చినంక ఇంక నేర్సుకునుడేంది?" అన్నాడు నర్సింగం. "హైదరాబాద్ ఎందుకు? సదానందం గూడ వచ్చిండు, ఇప్పుడే అడిగిండు, దుకాణంల కుర్చి ఏస్తడట. పోయినోళ్ల ఫోటోలు తెస్తరు, జూసి ఎయ్యుడే. ఇగో, తువ్వాల కాక అప్పుడే పోయిన వాళ్లన్న బొమ్మ ఏయమన్నడు."

"నాయినా, నేను బతికున్నోళ్లను ఎయ్యాలనుకున్న."

"బతికున్నోళ్లవి ఎవరు కట్టించుకుంటరు బిడ్డా? ఇయ్యాల చూసినవ్ గద."

జగదీశ్వర్ ముప్పై నాలుగేళ్ల తర్కంలో దీనికి జవాబు వెతికాడు. ఆయన వెతుకుతుండగానే తండ్రీ కూతుళ్లు చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయారు. పెన్ను బల్లమీద మిగిలింది.

జూన్ పంతొమ్మిది దాటింది. కాగితం మీద సంతకం పడలేదు. జమున సదానందం దుకాణంలో, కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటున్నది. జగదీశ్వర్ ఇంట్లో పడమటి గోడకు, నేల నుంచి అయిదడుగుల రెండంగుళాల ఎత్తున, ఏడు గుర్రాలున్నాయి.

పటం గోడమీద ఉన్నది మొత్తం రెండు గంటల పది నిమిషాలు. ఎల్లేశం బతికే ఉన్నాడు.