బడి కుళాయి బాగుపడకూడదు

ఫెర్గానా లోయలోని మా ఊళ్లో, బడి గేటుకు ఎదురుగా కొట్టు తెరిచిన రోజున నా పెట్టుబడి మూడే: ఒక పాత ఫ్రిజ్, ఒక డబ్బా కురుత్, బడిలో ఎండిపోయిన కుళాయి. మొదటి రెండూ కొన్నాను. మూడోది బడివాళ్లు ఊరికే ఇచ్చారు!

అందుకే అంటున్నాను, బడిలో మంచినీళ్లు లేకపోవడం పిల్లలకు వరం. నీళ్లు తాగని పిల్లవాడు పాఠం మధ్యలో చెయ్యెత్తి బయటికి పోతానంటాడా? మరుగుదొడ్డి కూడా ఎంత శుభ్రంగా ఉంటుంది!

పైగా చల్లనీళ్లకు గొంతు పట్టేస్తుందని బడి పెద్ద, డైరెక్టర్ తుర్సునాలీ గారి నమ్మకం. నలభై డిగ్రీల ఎండలో కూడా! కారిడార్‌లో రిబ్బన్ కత్తిరించి పెట్టిన కొత్త నీళ్ల మెషీన్‌కు అందుకే తాళం వేయించారు. పిల్లల గొంతుల మీద అంత మమకారం.

నా వంతు సేవ నేనూ చేశాను. కురుత్ అంటే ఉప్పు దట్టించి ఎండబెట్టిన పెరుగు ఉండ. ఒకటి చప్పరించినవాడు సోడా కొనకుండా ఇంటికి చేరలేడు.

అంతా సవ్యంగా సాగుతుంటే ఏడో తరగతి మఫ్తూనా వచ్చింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

“బాబాయ్, సోడా వద్దు. కాసిని మంచినీళ్లిస్తావా?”

మా వైపు నీళ్లకు డబ్బు పుచ్చుకునేవాడి ఇంటికి ఎవరూ పిల్లనివ్వరు. ఊరికే ఇస్తే కొట్టు మూత. వినబడనట్టు ఫ్రిజ్ అద్దం తుడవసాగాను. వెనకగదిలో మా అమ్మకు వినబడింది.

“బిడ్డ నీళ్లడిగితే అద్దం తుడుస్తావేంరా? మీ నాన్న ఉంటే ఆ ఫ్రిజ్‌తోపాటు నిన్నూ అమ్మేసేవాడు.”

కాచి చల్లార్చిన నీళ్లు పింగాణీ గిన్నెలో తెచ్చిచ్చింది. మర్నాడు మా గుమ్మంలో మూతపెట్టిన పెద్ద బిందె వెలిసింది. విరామం గంట కొడితే బడంతా అక్కడే. సోడాల మీద దుమ్ము పేరుకుంది.

మొన్న తనిఖీ అధికారి వచ్చి, పిల్లలకు తాగునీరేదని గేటు దగ్గరే అడిగాడు. డైరెక్టర్ గారు తడుముకోలేదు. మా బిందెకేసి చెయ్యి చూపించారు.

“అదిగోనండి, మా ఏర్పాటు.”

అధికారి రోడ్డు దాటి వచ్చి రెండు గిన్నెలు తాగి, ఏర్పాటు బాగుందని మెచ్చుకుని వెళ్లాడు.

ఇప్పుడు పొద్దున్నే వీధి చివరి బోరింగు నుంచి బకెట్లు మోసేది నేను. కుళాయి బాగుచేయించండి మహాప్రభో అని బతిమాలుతున్నదీ నేనే. “ఎందుకు తమ్ముడూ, మీ నీళ్లు బాగున్నాయిగా?” అంటున్నారు డైరెక్టర్ గారు.

ఆఖరి లెక్క తేలింది. ఇన్నాళ్లకు బడికి కుళాయి వచ్చింది. అది నేనే.