అవతలి వైపు కర్టెను

నియంతను ఎదిరించాలంటే ఇంటికి ముందుగా కావలసింది మందపాటి కర్టెను! నవ్వకండి. సూడాన్‌లోని ఒమ్‌దుర్మాన్‌లో మా సందు అనుభవంతో చెబుతున్నాను.

నలుగురూ గుమిగూడితే నేరమని జనరల్ గారు ఆర్డరు వేసినప్పటి నుంచి మా సందులో కర్టెను లేని కిటికీ లేదు. ఎంత సుఖం! దుమ్ము రాదు, ఎండ రాదు, పక్కింటి కష్టం అసలే రాదు.

అలాగని నేను పోరాటం మానేశానా? పెనం మీద కిస్రా రొట్టెల పిండి పరుస్తూ జనరల్‌ని తిట్టాను, గొంతు బయటికి రాకుండా. ఆయన రేడియోలో మాట్లాడినంతసేపూ చెవులు మూసుకున్నాను. రేడియో కట్టేస్తే పక్కవాళ్లకి అనుమానం రాదూ?

ఎదురింటి ఇఖ్లాస్‌కి ఈ నాజూకు తెలియదు. నిరసన ఊరేగింపుకి వెళ్లిన ఆమె కూతురు తస్నీమ్‌ని పోలీసులు పట్టుకుపోయారు. ఎక్కడ ఉంచారో చెప్పలేదు. రోజూ మధ్యాహ్నం ఇఖ్లాస్ ఆ పిల్ల ఫొటో అట్టముక్కకి అంటించుకుని సందు మధ్యలో ఒక్కతే నిలబడేది. కర్టెను వెనక నేనూ నిలబడేదాన్ని. నాకు ఫ్యాను ఉంది, అంతే తేడా!

మొన్న అల్లం కాఫీ పట్టుకెళ్తే ముట్టలేదు.

"బతూలక్కా, ఈ సందంతా ఆ జనరల్ మనుషులేనా?"

"ఎంత మాట! నేను మొదట్నుంచీ నీ వైపే కదే!"

"ఏదీ, ఎక్కడున్నావ్?"

"కర్టెను వెనక."

"మూలింటి ఇన్‌ఫార్మరూ కర్టెను వెనకే ఉంటాడక్కా. బయట నిలబడ్డ నాకు మీరిద్దరూ ఒకటే గుడ్డ. పోలీసులకీ అంతే. నా పిల్లకి ఎవరూ లేరనుకుంటే, ఇక వాళ్లకి భయమేముంటుంది?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్ల నా పోరాటాన్ని గుడ్డ అంటుందా! ఇంటికొచ్చి కర్టెను పీకేశాను.

"పిచ్చి పట్టిందా? అందరికీ కనిపిస్తాం!" అన్నాడు మా ఆయన.

"కనిపించండి. మీ మొహానికేం, బాగానే ఉందిగా!"

తెల్లజుట్టు దాచుకోవడానికి కొన్న నల్లరంగుతో 'తస్నీమ్ ఎక్కడ?' అని కర్టెను మీద రాసి కిటికీ బయట వేలాడదీశాను. ఆ తర్వాత ధైర్యంగా వెళ్లి వంటింట్లో దాక్కున్నాను.

సాయంత్రానికి దర్జీ వాళ్ల పచ్చ కర్టెను బయటికొచ్చింది. దాని పక్కన గులాబీ పువ్వులది. మూలింటిది మాత్రం లోపలే ఉంది. ఎవరు ఎవరి వైపో పోల్చుకోవడం ఎంత సులువైపోయిందో!

తస్నీమ్ ఇంకా రాలేదు. అందుకే మళ్లీ చెబుతున్నాను, కర్టెను ఉండి తీరాలి. తగిలించవలసింది మాత్రం కిటికీకి అవతలి వైపు.