వజ్రమ్మ వజ్రమ్మే అనుటకు దాఖలా

1959 డిసెంబరులో తిరుత్తణి తాలూకా కచేరీ గోడకు ఒక ప్రకటన అంటించారు. విమానంలో పైదేశాలకు పోదలచిన ప్రజల సౌకర్యార్థం కొత్త ఏర్పాటు జరిగిందనీ, ఇకమీదట మనిషి ఎవరో ఊళ్ళోనే పకడ్బందీగా తేల్చి పంపుతారు కాబట్టి విమానాశ్రయంలో గంటలకొద్దీ నిలబడి కాళ్ళు నొప్పి పెట్టుకోవలసిన పని లేదనీ దాని సారాంశం. అప్పటికి తాలూకాలో విమానాన్ని దగ్గరగా చూసినవాళ్ళు లేరు. అయినా అందరూ సంతోషించారు. బస్సు రాని ఊళ్ళవాళ్ళు మరీ సంతోషించారు.

ఆ ప్రకటనకు తగిన మనిషి వారం తిరక్కుండానే దొరికింది. నాయుడుకండ్రిగలో వజ్రమ్మ అని, భర్త పోయాక మెట్టచేను, మామిడితోపు తానే చూసుకుంటున్న యాభై నాలుగేళ్ళ ఆడమనిషి. చుట్టుపక్కల ఏడు ఊళ్ళలో ఎవరికి నొప్పులు వచ్చినా బండి ఆమె ఇంటి ముందే ఆగేది. కబురు అందాక ఆలస్యంగా చేరిన పురుడు ఆమె జన్మలో లేదు. ఆమెకు ఒక్కతే కూతురు, కోకిల. అల్లుడు శేషాద్రి సింగపూరు హార్బరు ఆఫీసులో గుమాస్తా. కోకిలకు అంతకు ముందు రెండు కాన్పులు దక్కలేదు. ఇప్పుడు మళ్ళీ అయిదో నెల.

కోకిల రాసిన జాబును తిరుత్తణిలో ఎలిమెంటరీ స్కూలు అయ్యవారుగా ఉన్న వజ్రమ్మ తమ్ముడు ద్వారకనాథ్ చదివి వినిపించాడు. “ఏప్రిల్ రెండో వారం అన్నారు. ఈసారి నువ్వు పక్కన లేకుంటే నాకు ధైర్యం లేదమ్మా. విమానం టిక్కెట్టు ఆయన చూసుకుంటారు. నువ్వు పాస్‌పోర్టు ఒకటి తీసుకుంటే చాలు” అని ఉంది అందులో.

వజ్రమ్మ ఒక్క మాటే అడిగింది. “యాడరా సంతకం పెట్టాల?”

సంతకం ఒకచోట కాదు, పదకొండు చోట్ల అని ద్వారకనాథ్ చెప్పాడు. ఆమె పదకొండు చోట్లా పెట్టింది. తెలుగులో పెట్టింది కాబట్టి అది సంతకమేనని ఇంగ్లీషులో ఇంకొకరి చేత సంతకం పెట్టించారు.

పుట్టిన ఊరు అన్నచోట ‘ఏటివాకం, తిరువళ్ళూరు తాలూకా’ అని రాశారు. అది నిజమే. కాకపోతే మద్రాసు పట్నానికి మంచినీళ్ళ కోసం పూండి దగ్గర చెరువు కట్టినప్పుడు ఏటివాకం దాని అడుగుకు పోయింది. పదిహేనేళ్ళుగా పట్నంవాళ్ళు ఆ ఊరి మీది నీళ్ళు తాగుతున్నారు. అయినా పుట్టిన చోటు విచారించనిదే మనిషిని నమ్మడానికి వీల్లేదు కనుక దరఖాస్తు తిరువళ్ళూరుకు వెళ్ళింది. అక్కడినుంచి ఇద్దరు సిబ్బంది సైకిళ్ళ మీద పూండి వెళ్ళి, గట్టు మీద నిలబడి, శ్రద్ధగా చూసి రిపోర్టు రాశారు: “స్థల పరిశీలన చేయగా సదరు గ్రామంలో నీళ్ళు ఉన్నవి. విచారించుటకు ఎవరూ పైకి రాలేదు.”

ఈ రిపోర్టు చేరాక పట్నం పాస్‌పోర్టు ఆఫీసులో ఒక ధర్మసందేహం పుట్టింది. ఊరే లేనప్పుడు ఆ ఊళ్ళో పుట్టడం సాధ్యమా? ఈ ప్రశ్న మూడు బల్లల మీదుగా నలభై రోజులు నడిచింది. చివరికి ఆమె పుట్టినప్పుడు నీళ్ళు లేవు కనుక పుట్టి ఉండవచ్చునని ఒక దయగల సూపరింటెండెంటు నిర్ణయించాడు. వజ్రమ్మ పుట్టడానికి ఆ విధంగా ప్రభుత్వ అనుమతి లభించింది.

తరువాత ఆమెను ‘మూడేళ్ళకు తక్కువ కాకుండా స్వయంగా ఎరిగిన’ గెజిటెడ్ అధికారి కావలసి వచ్చాడు. ఆమెను నలభై ఏళ్ళుగా ఎరిగినవాళ్ళు సేద్యగాళ్ళు, బండివాళ్ళు, మగ్గంవాళ్ళు, పిల్లల తల్లులు. వాళ్ళ పేర్లు ఏ గెజిట్‌లోనూ పడలేదు. గెజిట్‌లో పేరు పడినవాళ్ళా, తిరుత్తణి ఆంధ్రదా మద్రాసుదా అన్న తగాదాలో ఏ పక్షం గెలుస్తుందోనని పెట్టె కట్టుకొని కూర్చున్నారు. ఏ ఒక్కరూ ఆరు నెలలకు మించి ఉండడం లేదు. ద్వారకనాథ్ ఊరంతా తిరిగి చివరికి ఒక పశువైద్యాధికారిని పట్టుకొచ్చాడు. ఆయన మూడేళ్ళుగా ఎరిగినది నిజానికి వజ్రమ్మ గేదెను. గేదె మంచి నడవడిక గలదని, దాని యజమానురాలు కూడా అటువంటిదేనని తాను నమ్ముతున్నానని ఆయన ధ్రువీకరించాడు.

ఫిబ్రవరిలో విచారణకు కానిస్టేబుల్ ఏళుమలై వచ్చాడు. ముప్పై ఏళ్ళవాడు. వాకిట్లో చెప్పులు విడిచి, టోపీ తీసి, మళ్ళీ పెట్టుకొని, కాగితం తీశాడు.

“అమ్మా, తప్పుగా అనుకోవద్దండి. మీరెవురు?”

వజ్రమ్మ బియ్యం చెరుగుతున్నదల్లా చేట కింద పెట్టింది.

“ఏందిరా అడుగుతుండావు? అడ్డం తిరిగినావని మీయమ్మ ఆశ వదులుకుంటే, తెల్లారేదాకా కూర్చొని నిన్ను బయటికి తీసింది ఎవురు?”

“మీరే అమ్మా. మాయమ్మ ఇప్పటికీ చెప్తాది.”

“మరి అదే రాసుకో.”

“అట్ల రాసేదానికి లేదమ్మా. అప్పుడు నేను డ్యూటీలో లేను కదా.”

ఈ మాటలో ఏ తప్పూ లేదు. వాడు చాలాసేపు ఆలోచించి, చెమట తుడుచుకుంటూ రాసుకున్నాడు: “విచారించగా ఈమె తాను వజ్రమ్మనని చెప్పుకొనుచున్నది. ఇందుకు భిన్నముగా ఎవరూ చెప్పలేదు.” పోతూ పోతూ ఆమె కాళ్ళకు దండం పెట్టాడు. అది రిపోర్టులో రాయలేదు.

మార్చి మొదట్లో ఈ పథకం ప్రత్యేకాధికారి తిరుత్తణికి వచ్చి హైస్కూలు ఆవరణలో సభ జరిపాడు. తాలూకాలో మొదటి దరఖాస్తుదారు కాబట్టి వజ్రమ్మను వేదిక మీద కుర్చీలో కూర్చోబెట్టారు. అధికారి ముప్పావు గంట మాట్లాడాడు.

“సోదర సోదరీమణులారా! పూర్వం మనిషిని చూసి మనిషి గుర్తుపట్టే అనాగరిక పద్ధతి ఉండేది. అందులో ఎన్నో పొరపాట్లు! కళ్ళు మోసం చేస్తాయి. జ్ఞాపకం మోసం చేస్తుంది. కన్నతల్లి సైతం అభిమానం కొద్దీ పొరబడవచ్చును. పొరబడనిది కాగితం ఒక్కటే. ఈ మహాతల్లి ఇన్నాళ్ళూ కేవలం వజ్రమ్మ. కాగితం చేతికి వచ్చిన నాడు ఆమె నిరూపించబడిన వజ్రమ్మ అవుతుంది!”

తాలూకా జనం మనమంతా చప్పట్లు కొట్టాం. ఏప్రిల్ లోగా వస్తుందా అయ్యా అని వజ్రమ్మ అడిగింది. అది చప్పట్లలో వినిపించలేదు.

మొత్తానికి మార్చి ఇరవై ఎనిమిదిన పాస్‌పోర్టు వచ్చింది. ‘నాయుడుకండ్రిగ, తిరుత్తణి తాలూకా, చిత్తూరు జిల్లా, ఆంధ్రప్రదేశ్’ అని శుభ్రంగా టైపు చేసి ఉంది. వజ్రమ్మ దాన్ని కళ్ళకద్దుకుంది. అల్లుడు టిక్కెట్టు ఏప్రిల్ అయిదుకు తీశాడు.

ఏప్రిల్ ఒకటిన తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రంలో కలిసింది. కలవాలని అడిగినవాళ్ళు మిఠాయి పంచారు. కూడదన్నవాళ్ళు తలుపులు వేసుకున్నారు. “నేటినుంచి మనది చెంగల్పట్టు జిల్లా, మద్రాసు రాష్ట్రం” అని నాయుడుకండ్రిగలో నాలుగు రోజులు దండోరా వేశారు. మరిచిపోయి చిత్తూరు అన్నవాళ్ళను ఆపి మరీ సరిదిద్దారు. వజ్రమ్మ ఇవేవీ పట్టించుకోలేదు. శొంఠి, వాము, పిప్పళ్ళు ఎండబెట్టి దంచి, బాలింత లేహ్యానికి కావలసినవన్నీ మూట కట్టుకుంటున్నది.

అయిదో తేదీన అక్కాతమ్ముళ్ళు రైలెక్కి, మధ్యాహ్నానికి మీనంబాక్కం విమానాశ్రయం చేరారు. కొత్త ఏర్పాటు కింద పెట్టిన త్వరిత కౌంటరు మీద పూలదండ ఇంకా వాడలేదు. వజ్రమ్మ ముందు ముగ్గురు గబగబా వెళ్ళిపోయారు. కౌంటరులో ఉన్నది మర్యాద తెలిసిన కుర్ర ఆఫీసరు. తమిళంలోనే అడిగాడు.

“ఏ ఊరమ్మా?”

“తిరుత్తణి పక్కన నాయుడుకండ్రిగ.”

“ఏ రాష్ట్రం?”

నాలుగు రోజులుగా దండోరా విన్న మనిషి. అబద్ధం అలవాటు లేదు. “మెడ్రాసు” అంది.

ఆఫీసరు పాస్‌పోర్టు చూశాడు. మళ్ళీ చూశాడు. “ఇందులో ఉన్న వజ్రమ్మ ఆంధ్రలో ఉంటుందమ్మా.”

“ఉండె నాయనా, మొన్నమొన్నటి దాకా.”

“ఇల్లు ఎప్పుడు మారినారు?”

“నేను మారలా. ఇల్లూ మారలా. రాష్ట్రమే మారింది.”

“నాకు తెలుసమ్మా, పేపరులో చదివినాను” అన్నాడు ఆ అబ్బాయి నిజమైన బాధతో. “అయితే పేపరులో చదివింది ఇక్కడ చెల్లదు. మీ నోటి మాటా, ఇందులో మాటా ఒకటి కావాల.”

ద్వారకనాథ్ కటకటాల అవతలినుంచి కేకలు వేశాడు. ఆ కేకలకు పైఅధికారి బయటికి వచ్చాడు. విషయమంతా ఓపికగా విన్నాడు. మనిషి వజ్రమ్మే అయి ఉండవచ్చుననీ, ఆ సంగతి తాను కాదనడం లేదనీ అన్నాడు. “కానీ ఒకే మనిషి ఒకే సమయంలో రెండు రాష్ట్రాల్లో నివసించడాన్ని నేడు మనం సహిస్తే, రేపు దేశ భద్రత ఏం కావాలి?” అని హాలంతా వినబడేలా అడిగాడు.

“అయ్యా, నా బిడ్డకు వారంలో కాన్పు” అంది వజ్రమ్మ. “తెలిసీ తెలియక ఒక మాట అన్నాను. ఆంధ్రా అనే రాసుకోండి. మీరు ఏ రాష్ట్రమంటే ఆ రాష్ట్రం.”

ఇది ఆమె మీద అనుమానాన్ని ఇంకా గట్టిపరిచింది.

వెనక వరుసలో పట్టుటై కట్టుకున్న పెద్దమనిషి గడియారం చూసుకొని, “ఆమెను కొంచెం పక్కన నిలబెట్టండి సార్, మేమంతా పోవాల” అన్నాడు. చంటిబిడ్డను ఎత్తుకున్న ఒక ఇల్లాలు తల ఊపింది. వరుసంతా ఒక అడుగు ముందుకు జరిగింది. ఆమె కోసం ఒక్కరూ నోరు విప్పలేదు. విప్పితే వేగం తగ్గుతుంది.

వజ్రమ్మ ఒక స్తంభం పక్కన మూట పట్టుకొని నిలబడింది. విమానం లేచింది. అది చుక్కయి, చుక్క కూడా లేకుండా పోయేదాకా చూసింది. ఏడవలేదు. చేతులు మాత్రం చీర చెంగుకు తుడుచుకుంటూనే ఉంది, తడి లేకపోయినా.

“పదరా. రైలు పోతాది” అంది.

పన్నెండున తంతి వచ్చింది. ఆడబిడ్డ, తల్లీ పిల్లా క్షేమం. వారం తరువాత కోకిల జాబు వచ్చింది. “రెండు దినాలు నొప్పులు పడినానమ్మా. చివరికి పటకారు మాదిరి ఆయుధం వేసి బిడ్డను తీసినారు. అమ్మా అమ్మా అని అరుస్తా ఉంటే, ఎవరిని పిలుస్తుండావు అని చీనా నర్సులు అడిగినారు. వాళ్ళకు మన మాట తెలియదు కదా.” ద్వారకనాథ్ ఇది చదివి కాగితం మడిచాడు. వజ్రమ్మ ఆ పూట అన్నం తినలేదు.

ఈలోగా ఊరు ఆలోచించసాగింది. పక్కింటి కమలమ్మ, మనసులో ఏమీ దాచుకోని మనిషి, చావిట్లో కూర్చొని అంది: “గవర్నమెంటోళ్ళు ఊరికే నిలేస్తారా? ఇంగిలీషు చదివినోళ్ళు. ఏదో తేడా ఉండాది.” అవునని అందరికీ తోచింది. ఆమె పుట్టిన ఊరు కూడా కనబడలేదట కదా అని ఒకరు గుర్తుచేశారు. మే నెలలో రెండు పురుళ్ళకు బండ్లు వజ్రమ్మ ఇల్లు దాటి పోయాయి. కోపం ఏమీ లేదు. ఆమె సంగతి తేలనీ అని, అంతే.

ద్వారకనాథ్ మళ్ళీ మొదటినుంచి కొత్త దరఖాస్తు పెట్టాడు. ఈసారి కొత్త ఫోటోలు, కొత్త జిల్లా, కొత్త పోలీసులు. ఆంధ్రా పోలీసు కాబట్టి ఏళుమలై చిత్తూరు వైపు వెళ్ళిపోయాడు. విచారణకు తిరువళ్ళూరునుంచి వచ్చిన కానిస్టేబులు వజ్రమ్మను ఎన్నడూ చూసి ఎరగడు. అందువల్ల అతనికి ఏ సందేహమూ కలగలేదు. అరగంటలో పని పూర్తయింది.

ఆగస్టు రెండో వారంలో పాస్‌పోర్టు వచ్చింది. రాష్ట్రం సరి. జిల్లా సరి. ఎత్తు, వయసు, ఎడమ చేతి మీది మచ్చ, అన్నీ సరి. అతికించిన ఫోటో మాత్రం ఎవరో సన్నపాటి ఆవిడది. కళ్ళజోడు, పొట్టి జుట్టు. దాని మీద గుండ్రటి ముద్ర ఎంతో చక్కగా పడింది.

ద్వారకనాథ్ ఆ ఫోటోను అక్క ముఖం పక్కన పెట్టి చూశాడు. “అక్కా! ఇది నువ్వు కాదే!”

వజ్రమ్మ వెలుతురులోకి తిప్పి చాలాసేపు చూసింది. “బాగుండాదిరా. చదువుకున్న మనిషి మాదిరి ఉండాది.”

“తిరిగి పంపిస్తాను.”

“పంపి? మళ్ళా పూండికాడికి పోయి నీళ్ళు చూసి వస్తారా? బిడ్డకు నాలుగు నెలలు నిండినాయి. అది నడిచేదాకా నన్ను ఈడనే కూర్చోమంటావా?”

“పట్టుకుంటారక్కా! జైల్లో వేస్తారు!”

“నిజం చెప్తే పట్టుకున్నారు. ఈతూరి నోరు తెరవను. చూద్దాం పద.”

మీనంబాక్కంలో అదే కౌంటరు. ఈసారి కూర్చున్నది ఆ పైఅధికారే. వజ్రమ్మ కాగితాలు ముందు పెట్టి చేతులు కట్టుకొని నిలబడింది. ఆయన రాష్ట్రాన్ని రాష్ట్రంతో, జిల్లాను జిల్లాతో, నంబరును నంబరుతో పోల్చాడు. ఫోటో మీది ముద్రను భూతద్దం పెట్టి పరీక్షించాడు. ముద్ర అసలైనదే. ఠప్పున తన ముద్ర వేసి, తల ఎత్తకుండానే, “శుభప్రయాణం. కాగితాలంటే ఇలా ఉండాలి” అన్నాడు. అటు సింగపూరులోనూ ఇదే మర్యాద జరిగింది.

అవతల కోకిల, చంకలో బిడ్డ. కోకిల తల్లి భుజం మీద తల పెట్టి, ఏప్రిల్‌లో ఏడవవలసినదంతా అక్కడ ఏడ్చింది. బిడ్డ కాసేపు చూసి, వజ్రమ్మ ముక్కుపుడక పట్టుకొని లాగింది. దానికి ఏ దాఖలా అడిగే వయసు లేదు.

ఆ కళ్ళజోడు ఆవిడ ఎవరో మనకు తెలియదు. వజ్రమ్మ ముఖంతో ఆమె ఏ దేశం చేరిందో, అక్కడ క్షేమంగానే ఉండి ఉంటుంది.

ఆరు నెలలు ఉండి వజ్రమ్మ ఊరికి తిరిగి వచ్చింది. ఫోటో సంగతి తాలూకా అంతటికీ తెలుసు. తన ముఖంతో, తన పేరుతో, ఉన్న మాట చెప్పి వెనక్కు వచ్చినప్పుడు ఈమెలో ఏదో తేడా ఉందనుకున్న మనమే, ఇంకొకరి ముఖంతో పోయివచ్చిన ఈమెకు తిరుత్తణి స్టేషనులో మేళం పెట్టి దండ వేశాం. పురుళ్ళ బండ్లు మళ్ళీ ఆ ఇంటి ముందే ఆగుతున్నాయి. ఆమె వజ్రమ్మ అవునో కాదో అని ఇప్పుడు మనలో ఎవరికీ అనుమానం లేదు.