చూసినవాడే దరఖాస్తుదారుడు

వెబ్‌సైట్‌లో వివరాలు చూసుకోవడానికి ఒక పేజీ, దరఖాస్తు పెట్టుకోవడానికి ఇంకో పేజీ ఉండాలనేవాళ్లు శుద్ధ దుబారా మనుషులు! ఒక్కదాంట్లో సరిపోయేదానికి రెండెందుకండీ? అన్నం ఒక విస్తట్లో, కూర ఒక విస్తట్లో వడ్డిస్తామా?

ఈ సత్యాన్ని 2006లోనే గ్రహించిన ఆఫీసు ఒకటి మన బెజవాడలో ఉంది. పేరు చెప్పను, దిష్టి తగులుతుంది. నేతపనివారికి ఉచితంగా కంటి ఆపరేషన్ చేయించే కార్డులిచ్చే ఆఫీసది. వాళ్ల వెబ్‌సైట్‌కి ఒకటే పేజీ. పైన మన వివరాలు, కింద ఖాళీ గళ్లు, అడుగున ‘సబ్‌మిట్’ బటన్. ఎంత పొదుపు!

మంగళగిరిలో చీరలు నేసే హనుమయ్య గారికి రెండు కళ్లూ మసకలు కమ్మాయి. “పోగు తెగితే కొస దొరకట్లేదు మాస్టారూ, చేత్తో తడుముకుంటన్నా” అన్నారు. నేనే ఆయన్ని బెజవాడ తీసుకొచ్చి, కుల్సుం నడిపే నెట్ సెంటర్లో దరఖాస్తు పెట్టించాను. పెట్టించి ఊరుకున్నానా? చదువుకున్నవాణ్ణి కదా, సలహా కూడా ఇచ్చాను.

“ప్రతి సోమవారం వచ్చి చూసుకుంటూ ఉండండి.”

ఆయన మాట మీద నిలబడే మనిషి. ప్రతి సోమవారం బస్సెక్కి వచ్చేవారు. కుల్సుం ఆయన పేరూ, ఊరూ కొట్టి సబ్‌మిట్ నొక్కేది. ‘మీ దరఖాస్తు పరిశీలనలో ఉంది’ అని వెంటనే జవాబు! ఏ ఆఫీసు గుమాస్తా ఇంత మర్యాదగా పలుకుతాడు చెప్పండి?

పద్నాలుగో సోమవారం కుల్సుం నాకు ఫోన్ చేసి రమ్మంది.

“ఇది చూడండి మాస్టారూ. మొదట్లో బాబాయి గారి నంబరు రెండొందల పన్నెండు. ఇప్పుడు పద్దెనిమిది వందలు దాటింది. మనం చూసినప్పుడల్లా కొత్త దరఖాస్తనుకుని, పాతది కొట్టేసి, వరస చివరికి తోసేస్తందండీ!”

అర్థమైందా పాఠకులారా? అక్కడ చూడటమంటే మళ్లీ పెట్టుకోవడమే! హనుమయ్య గారి పక్కింటి వీరభద్రయ్య గారికి అప్పటికే కార్డొచ్చింది, ఆపరేషనూ అయిపోయింది. ఆయన చేసిన ఘనకార్యమల్లా, మేం పెట్టిన రోజే దరఖాస్తు పెట్టి ఆ సంగతే మర్చిపోవడం.

ముగ్గురం ఆఫీసుకు వెళ్లాం. అధికారి విన్నాడు, విసుక్కున్నాడు.

“అసలు మాటిమాటికీ చూడమని ఎవరు చెప్పారండీ మీకు?”

హనుమయ్య గారు నా వైపు తిరగనైనా తిరగలేదు. “నాకే తోచిందండీ” అన్నారు.

కుల్సుం ఊరుకోలేదు. “వివరాలకి వేరే పేజీ పెట్టించండి సార్. పెద్ద పనేం కాదు.”

“దానికి వేరే అర్జీ పెట్టుకోవాలమ్మా. ఈయన్ని చూడకుండా ఉండమను, అదే వస్తుంది.”

చూడటం మానేశారు. అయిదు నెలలకు నిజంగానే కార్డొచ్చింది. కుడి కన్ను బాగుపడింది. ఎడమ కంటికి ఆలస్యమైపోయిందన్నారు డాక్టరు గారు.

ఇప్పుడాయన జరీ అంచు చీరలు నేయలేరు, తువ్వాళ్లు నేస్తున్నారు. మొన్న ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు. “మీ ధర్మమా అని ఈ కన్నయినా దక్కింది మాస్టారూ!” నాకు తలెత్తి ఆయన ముఖం చూసే ధైర్యం రాలేదు.

ఆఫీసు వాళ్లను మాత్రం ఏమీ అనకండి. ఇంత మర్యాదస్తులు దరఖాస్తులు పెడుతుంటే, పేజీ మార్చాల్సిన ఖర్మ వాళ్లకెందుకండీ?