భోజనాల బల్ల మీద మూడు రైఫిళ్ళు

క్రీడాశాఖ మంత్రిగారు మైకులన్నీ తనవైపే తిరిగి ఉన్నాయని రూఢి చేసుకుని, దేశం ఇకమీదట దూరం నుంచి కొడుతుందని ప్రకటించారు.

"ఇంతకాలం దగ్గర్నుంచి కొట్టాం. అందుకే వెనకబడ్డాం," అన్నారాయన. "ఇకనుంచి రెండొందల మీటర్లు. దానికోసం ప్రపంచస్థాయి రైఫిల్ ఒకటి కొంటున్నాం. అది బోల్ట్ యాక్షన్. పైగా రిమ్‌ఫైర్. ఆ రెండూ ఏమిటన్నది కమిటీ తేలుస్తుంది."

విలేకరులు వంచిన తల ఎత్తకుండా రాసుకున్నారు. ఎవరికీ సందేహం రాలేదు. ఆయన ధీమా ఎంతటిదంటే, వాన పడుతుందని ఆయన అంటే గొడుగు తెచ్చుకోని వాళ్ళు సిగ్గుపడతారు, ఎండ మాడుస్తున్నా సరే.

ఈ ప్రకటన ఆయన భార్య ఇంట్లో దుప్పట్లు మడతపెడుతూ టీవీలో విన్నది. దుప్పటి అవతలి కొసలు పట్టుకుని నిలబడ్డ అక్క కూతురు చేతులు వదిలేసింది.

"పిన్నీ, బాబాయ్ కొనేది మా క్లబ్బుకే కదూ?"

"మీకు కాక నాకా? కొసలు పట్టుకో ముందు. ఇంకా నేల తుడవలేదు."

పిల్ల పట్టుకుంది కానీ ఆ తర్వాత ఒక్క మడతా తిన్నగా పడలేదు.

షూటింగ్ రేంజి ఈ ఊళ్ళో ఉందనే ఆ పిల్ల పిన్ని ఇంట్లో ఉంటోంది. క్లబ్బులో ఉన్న రైఫిల్ వయసులో పిల్లకంటే పెద్దది. యాభై మీటర్ల దాకా చెప్పిన మాట వింటుంది. అది దాటిందంటే తూటాలు బడి వదిలిన పిల్లల్లా తలో దిక్కూ పోతాయి. పోయినేడు జూనియర్ పోటీల్లో అలాగే పోయాయి. జూనియర్లలో పిల్లకి ఇదే ఆఖరి ఏడు. "ఈసారి దానికి మంచి రైఫిల్ ఇప్పించే పూచీ నాది," అని పిన్ని ఫోనులో అక్కకి మాటిచ్చింది. మొగుడు క్రీడాశాఖ మంత్రి. ఇవ్వదగ్గ మాటేననుకుంది.

కమిటీలో నలుగురిని వేశారు. దూరంతో పని కనక రిటైరైన రోడ్ల ఇంజనీరు. ఆయుధం కనక వకీలు. యువతకి సంబంధించినది కనక పార్టీ యువజన నాయకుడు. ఆయన మనవడికి మొన్ననే పళ్ళొచ్చాయి. తూటా చేసే రంధ్రం మరీ చిన్నది కనక, చిన్న రంధ్రాల్లో అనుభవమున్న పళ్ళ డాక్టరు. ఇంత ఆలోచించి వేసిన కమిటీ ఈమధ్య కాలంలో లేదని పార్టీ పత్రిక రాసింది.

సమావేశం మంత్రిగారింట్లోనే పెట్టారు. శాఖ ఆఫీసు గేటు దగ్గర తుపాకులు లోపలికి రానివ్వరు. ఆ కట్టుదిట్టం మంత్రిగారు చేయించిందే. తుపాకుల కొట్టు యజమాని తెచ్చిన మూడు రైఫిళ్ళనీ భోజనాల బల్ల మీద పరిచారు. గీతలు పడతాయని, బల్లకి కాదు రైఫిళ్ళకి, మంత్రిగారి భార్య చేత కొత్త బల్లగుడ్డ వేయించారు. ఒకటి లావు గొట్టంతో నల్లగా, బరువుగా ఉంది. రెండోది మధ్యరకం. మూడోది సన్నగా, తేలికగా, నున్నటి చెక్క పిడితో మెరిసిపోతోంది.

పిల్ల కుర్చీ లాక్కుని కూర్చోబోయింది. వకీలు చెయ్యి అడ్డం పెట్టాడు.

"అమ్మాయి దీంతో కాలుస్తుందా?"

"కాలుస్తానండీ."

"అయితే కూర్చోకూడదు. స్వార్థం ఉన్న మనిషి. రేపు కోర్టులో నిలవదు."

"మీలో ఎవరైనా కాలుస్తారా?"

"ఛ ఛ," అన్నారు నలుగురూ ఏకకంఠంతో.

మచ్చలేని కమిటీ అని అక్కడే తేలిపోయింది. పిల్ల వెళ్ళి వంటింటి గుమ్మంలో నిలబడింది. ఇక అక్కడి నుంచి అది గుసగుసగా చెప్పడం, పిన్ని బిస్కెట్ల పళ్ళెంతో హాల్లోకి వెళ్ళి ఆ మాట బల్ల మీద పెట్టి రావడం.

"లావు గొట్టమైతే చేతిలో కదలకుండా ఉంటుందిట," అంది ఆవిడ, కప్పులు సర్దుతూ, ఎవరితోనూ కానట్టు.

"అది అయిదు కిలోలు వదినగారూ," అన్నాడు యువజన నాయకుడు. "పోస్టర్ కోసం అన్నగారు ఒంటిచేత్తో పైకెత్తి నిలబడాలి. పోయినేడు ఫుట్‌బాల్ కప్పు ఎత్తితే భుజం పట్టేసి, వారం రోజులు చెయ్యి దించలేకపోయారు. మర్చిపోయారా?"

"ఆ వారమే కదయ్యా ఎన్నికలు," అన్నారు మంత్రిగారు. "జనం తమకే చెయ్యెత్తాననుకున్నారు. సరేలే, ప్రతిసారీ కలిసిరాదు. తేలికదే రాసుకోండి."

ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, ఇంకో నాలుగు బిస్కెట్లూ ఇంకో మాటా పట్టుకొచ్చింది. "ట్రిగ్గర్ మెత్తగా ఉండాలిట. వేలు ఆనిస్తే చాలు, పేలాలిట."

"ఆనితే పేలేవాళ్ళు పార్టీలో కావలసినంతమంది ఉన్నారు," అన్నారు మంత్రిగారు. "గట్టిదే ఉంచండి. నొక్కినవాడికి ఒక నిర్ణయం తీసుకున్నట్టుండాలి."

కొట్టు యజమాని బోల్ట్ చూపించాడు. ఒక్కో తూటాకీ ఒకసారి దాని పిడి పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసి, కిందికి దించాలి. వకీలు కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాడు.

"ఇది కుడివైపుంది."

అందరూ మంత్రిగారివైపు చూశారు. మంత్రిగారిది మధ్యేమార్గం పార్టీ.

"ఎడమవైపుదీ వస్తుంది సార్," అన్నాడు కొట్టు యజమాని. "ఎడమచేతి వాటం వాళ్ళకి."

"అది ఇంకా ప్రమాదం," అన్నాడు వకీలు.

"రోడ్డుకి గీత మధ్యలోనే వేస్తాం," అన్నాడు ఇంజనీరు. "దీన్ని మధ్యలో పెట్టించలేమా?"

"మధ్యలో పెడితే కంటికి అడ్డొస్తుంది సార్. ఎదర ఏముందో కనపడదు."

అది అంత పెద్ద ఇబ్బందని మంత్రిగారికి అనిపించలేదు. కానీ పెద్దమనసు చేసుకుని, కుడివైపుదే కొని ఫొటోలు మాత్రం ఎడమవైపు నుంచి తీయించాలని తీర్మానించారు.

"ఇంతకీ రిమ్‌ఫైర్ అంటే ఏమిటోయ్?"

"తూటా అడుగున చుట్టూ ఒక అంచు ఉంటుంది సార్. లోపలి సూది వచ్చి ఆ అంచుని కొడుతుంది. అప్పుడు పేలుతుంది."

"అంచున కొడతాం, మధ్యలో తగులుతుంది," అన్నారు మంత్రిగారు కళ్ళు మూసుకుని. "ఇరవై ఏళ్ళుగా రాజకీయాల్లో నేను చేస్తున్నదేమిటి మరి?"

పళ్ళ డాక్టరు ఆ మాట రాసుకున్నాడు.

ఈ మూడింట్లో ఏది గురిగా కొడుతుందో తెలిసేదెలా అని ఇంజనీరుకి అనుమానం వచ్చింది. ఆవిడ ఈసారి పళ్ళెం కూడా లేకుండానే హాల్లోకొచ్చేసింది. "రేంజికి తీసుకెళ్ళి, ఒక్కోదాంతో అయిదేసి తూటాలు కాల్చి చూడాలిట. ఏది అయిదింటినీ ఒకేచోట పెడితే అదిట. చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతిట."

చివరి మాట పిల్ల చెప్పింది కాదు.

"తూటాలు హోంశాఖవమ్మా," అన్నాడు వకీలు, జాలిపడుతూ. "మన శాఖ పరిధి గొట్టం కొస దాకానే. ఆపైన వాళ్ళది."

అంచేత తూటా లేకుండానే పరీక్షించాలని నిర్ణయించారు. పళ్ళ డాక్టరు చెక్క పిడిది తీసుకుని, బోల్ట్ లాగి తోసి, చెవి ఆనించి నొక్కాడు. టిక్కుమంది.

"ఆరోగ్యంగా ఉంది," అన్నాడు.

"ఏదీ, నన్ను విననివ్వండి," అన్నాడు ఇంజనీరు.

ఇంక పిల్ల ఆగలేకపోయింది. "ఖాళీగా నొక్కకండి బాబాయ్. లోపల తూటా లేకపోతే సూది వెళ్ళి గొట్టం అంచుకే తగులుతుంది. గుంట పడిపోతుంది. రిమ్‌ఫైర్‌ని అలా చెయ్యకూడదు."

"చూశారా," అన్నాడు వకీలు, "స్వార్థం ఎలా మాట్లాడిస్తుందో."

ఆ మధ్యాహ్నమంతా ఇల్లు గడియారాల కొట్టులా ఉంది. అందరూ ఒకరి తర్వాత ఒకరు నొక్కారు. మంత్రిగారి డ్రైవరు నొక్కాడు. చెక్క పిడిదాని టిక్కు అందరికీ నచ్చింది. నచ్చింది కనక దాన్నే ఎక్కువసార్లు నొక్కారు. సాయంత్రానికి అది ఏకగ్రీవంగా ఎన్నికైంది.

మర్నాడు పొద్దున పిల్ల టార్చిలైటు పెట్టి గొట్టంలోకి చూసింది.

"గుంట పడింది పిన్నీ. పర్లేదు, మా కోచ్‌గారు సరిచేయిస్తానన్నారు. ట్రిగ్గర్ ఒక్క మర తిప్పితే మెత్తబడుతుంది. ముసలిదానికంటే వెయ్యిరెట్లు నయం. చేతికి రానియ్యి చాలు."

ఆవిడ రొట్టెకి వెన్న రాస్తూ భర్తనడిగింది. "ఏమండీ, అది పిల్లకెప్పుడిస్తారు? పోటీలు వచ్చే నెల్లోనే."

"ప్రారంభోత్సవం కానివ్వు. మొదటిసారి నేను కాలుస్తాను. ఆపైన దానిదే."

"మీకు కాల్చడం వచ్చా?"

"నాకు ప్రారంభించడం వచ్చు."

ప్రారంభోత్సవం రోజు పొద్దున్నే భోజనాల బల్ల దగ్గర పళ్ళ డాక్టరు కనిపించాడు. ఎదురుగా వలయాలు గీసిన టార్గెట్ అట్ట. చేతిలో పళ్ళు తొలిచే మిషను. నడిమధ్య వలయంలో గుండ్రంగా, శుభ్రంగా ఒక చిల్లు.

"ఇదేమిటి డాక్టరుగారూ?"

"ముందుజాగ్రత్తమ్మా. రెండొందల మీటర్లంటే మాటలా? మధ్యలో గాలి ఉంటుంది, దుమ్ము ఉంటుంది. అన్నీ దాటుకుని పాపం తూటా అక్కడిదాకా వెళ్ళేసరికి చిల్లు తయారుగా ఉందనుకోండి, దానికీ సుఖం."

పొడి బల్లగుడ్డ మీద పడకుండా కింద ఆయన పేపరు వేసుకున్నాడు. మర్యాద తెలిసిన మనిషి అనుకుని ఆవిడ టీ పెట్టించింది.

రేంజిలో జనం కిటకిటలాడారు. హోంశాఖ దయతలచి ఒకే ఒక్క తూటా పంపింది, ఇద్దరు పోలీసుల కాపలాతో. బోర్లా పడుకుని కాల్చాలని కోచ్ చెప్పాడు. మంత్రి పడుకున్నాడని పత్రికలు రాస్తాయన్నాడు వకీలు. కనక సోఫా వేయించారు. మంత్రిగారు సోఫాలో కూర్చుని రైఫిల్ భుజానికి ఆనించారు. ఎడమవైపు నుంచి ఫొటోలు తీశారు. అవతలి కొసన టార్గెట్ దగ్గర యువజన నాయకుడు, తగిలిందని ఎత్తి చూపడానికి పచ్చజెండా పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

"వీటిలో దేన్ని నొక్కాలి?" అని మంత్రిగారు కోచ్‌ని రహస్యంగా అడుగుతున్నారు. అంతలోనే అవతల పచ్చజెండా లేచింది. బ్యాండు మొదలైంది. "పదికి పది," అంది మైకు.

మంత్రిగారు లేచి నిలబడి జనానికి చెయ్యూపారు. చప్పట్లు సద్దుమణిగాక, చెయ్యాల్సింది ఇంకేదో మిగిలిందని గుర్తొచ్చి మళ్ళీ కూర్చుని నొక్కారు.

టిక్కుమంది.

రైఫిల్లో పెట్టమని ఎవరూ అడగని తమ తూటాని పోలీసులు తాము తీసుకుని, అప్పగించినట్టు సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయారు. పొగ లేదు, చప్పుడు లేదు, కాలుష్యం లేదు, ఇలాంటి గురి నభూతో నభవిష్యతి అని మర్నాడు పత్రికలన్నీ రాశాయి.

పిల్ల తుడిచే గుడ్డా, రైఫిల్ పెట్టుకునే సంచీ పట్టుకుని సోఫా దగ్గరికి వచ్చింది. మంత్రిగారు ఇవ్వబోయారు కూడా. వకీలు ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఒక్క మాట సార్. ఇది ఇంతవరకు గురిపెట్టినది ఒకేసారి. ఆ ఒక్కసారీ తగిలింది. అంటే నూటికి నూరు. ప్రపంచంలో ఏ రైఫిల్‌కీ లేని రికార్డు. రేపు ఈ అమ్మాయి చేతిలో ఒక్కటి పక్కకి పోయిందంటే?"

మంత్రిగారు రైఫిల్‌ని ఒళ్ళోకి లాక్కున్నారు.

మూడోరోజుకల్లా మంత్రిగారి హాల్లో అద్దాల పెట్టె వెలిసింది. లోపల లైట్లు. కింద ఇత్తడి ఫలకం. పెట్టె తాళం వకీలు దగ్గర.

"మరి పిల్ల దేంతో కొట్టాలండీ?" అని ఆవిడ అడిగింది.

"దానికి గురి ఉందిగా. గురి ఉన్నవాళ్ళకి ఏ రైఫిలైతేనేం? మంచిది కావలసింది మాలాంటివాళ్ళకి," అన్నారాయన, ఎంతో వినయంగా.

పిల్ల ముసలి రైఫిల్నే సంచీలో పెట్టుకుని పోటీలకి వెళ్ళింది. నాలుగో స్థానం వచ్చింది. "మొదట్లో బాగానే పోయాయి పిన్నీ," అంది తిరిగొచ్చి, బూట్లు విప్పుతూ. "ఆఖర్న ఒకటి వెళ్ళి పక్కమ్మాయి అట్టకి తగిలింది. సరిగ్గా నడిమధ్యన. చాలా థాంక్సండీ అంది పాపం." నవ్వబోయి, మొహం కడుక్కోవడానికి లోపలికి వెళ్ళింది. కుళాయి చాలాసేపు పోతూనే ఉంది.

అదే సాయంత్రం హాల్లో కమిటీ కూర్చుంది. ఈ ఏటి పోటీల్లో అన్ని రైఫిళ్ళూ ఎక్కడో అక్కడ తప్పాయనీ, తప్పనిది తమదొక్కటేననీ మంత్రిగారు పత్రికలకి చెప్పడానికి మాటలు కూర్చుకుంటున్నారు. ఫోను మోగింది. అక్క.

"ఏమిటే, దాని గొంతే లేవడం లేదు? అంత మంచి రైఫిల్ ఇప్పించావు. పేపర్లో చూశాను, నూటికి నూరని. మరెందుకలా కొట్టింది ఈ మొద్దు మొహం?"

ఆవిడ ఫోను పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. అద్దాల పెట్టెలో లైట్లు పసుపుగా ఉండాలా, తెల్లగా ఉండాలా అని అక్కడ చర్చ నడుస్తోంది.

"దాన్నేం అనకు," అంది, హాల్లోకి వినపడేంత గట్టిగానే. "రెండొందల మీటర్లు కొట్టే రైఫిలే అక్కా. హాల్లోంచి మా వంటింటి దాకా రావడానికే దానికి సత్తువ చాల్లేదు."