జీనత్ ల్యాప్‌టాప్‌కు కొత్త ఇంజను

గురువారం పొద్దున జీనత్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం రెండింటికి ఆన్‌లైన్ పరీక్ష. నెగ్గితే నారాయణఖేడ్‌లో ఇంట్లోనే కూర్చుని చేసుకునే ఉద్యోగం. ఈలోగా ఒక నమూనా పరీక్ష రాసి చూసుకోవాలి. పదో ప్రశ్న దగ్గర ల్యాప్‌టాప్ బుస్సుమని ఆగిపోయింది.

"అమ్మీ, గిది మల్ల బందైంది!"

తండ్రి ఫకీర్ మియా దూది ఏకే మిషను ఆపేసి వచ్చాడు. ఆయన పరుపులు కుడతాడు. ముందు గదే దుకాణం. ఒక మూల మిషను, ఇంకో మూల జీనత్ చదువు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నా ఆ ల్యాప్‌టాప్ అంటే ఆయనకు ప్రాణం. నేల గట్టిదనం తగలకూడదని పువ్వుల గుడ్డతో దానికో బుల్లి పరుపు కూడా కుట్టి పెట్టాడు.

తల్లి బిస్మిల్లాబీ చెయ్యి పెట్టి చూసింది. "అయ్యో, పెనం లెక్క కాలుతుంది" అని తడిగుడ్డ తెచ్చి దాని నెత్తిన వేసింది. జీనత్ అరిచిన అరుపుకు పక్క షెడ్డులో ట్రాక్టర్లు బాగుచేసే మొగులప్ప పరుగెత్తుకొచ్చాడు.

"దీని ప్రాసెసర్ పాతది కాకా. అది మారిస్తే జోరుగ నడుస్తదంటరు. మార్చుడు మంచిదా, దండుగనా, సమజైతలేదు" అంది జీనత్.

"ప్రాసెసర్ అంటే?" అన్నాడు మొగులప్ప.

"దాని మెదడు అనుకో."

"మెదడు గాదు, ఇంజను. పాత బండికి కొత్త ఇంజను ఎక్కిస్తే ఎట్ల ఉరుకుతది! నలభై బండ్లకు ఎక్కించిన నేను" అంటూ మొగులప్ప ఎవరూ అడగకముందే అడుగున స్క్రూలు విప్పడం మొదలుపెట్టాడు. రెండో స్క్రూ చేయిజారి దూది కుప్పలో పడింది.

గంటన్నర పాటు నలుగురూ మోకాళ్ల మీద కూర్చుని ఏకిన దూదినే మళ్లీ చేత్తో ఏకారు. స్క్రూ దొరకలేదు. పన్నెండు దాటింది. జీనత్ ఏడ్చేసింది.

అందరూ ఆటో ఎక్కి, పువ్వుల పరుపు మీద ల్యాప్‌టాప్‌ను పడుకోబెట్టుకుని, బస్టాండు దగ్గర బస్వరాజ్ కంప్యూటర్ దుకాణానికి చేరారు.

"ప్రాసెసర్ మార్చనీకి రాదు చాచా. దీంట్ల అది బోర్డుకే అతికి ఉంటది. బోర్డంత మార్చుడు కన్నా కొత్తది కొనుడు నయం" అన్నాడు బస్వరాజ్.

ఫకీర్ మియా స్టూలు మీద కూలబడ్డాడు.

"ఆగుండ్రి, చూస్త" అని బస్వరాజ్ అడుగు మూత తీసి, నోరు వెళ్లబెట్టాడు. ఫ్యాను కనపడలేదు. పట్టకారుతో పట్టి లాగితే తెల్లటి దూది వస్తూనే ఉంది.

"పదేండ్ల సంది రిపేర్లు చేస్తున్న. లోపల పత్తి పండింది చూసుడు ఇదే మొదలు! దీన్ని ఏడ పెట్టి నడుపుతుండ్రు?"

ఫకీర్ మియా పువ్వుల పరుపును మెల్లగా వీపు వెనక్కి జరిపాడు.

"అబ్బాజాన్! దీని మీద దానికి ఊపిరాడకనే బందైంది!"

"నువ్వు పరుపు మీద పండుకుంటే ఊపిరాడుతది గద బేటీ. దానికేమొచ్చింది?"

ఫ్యాను శుభ్రమయ్యాక, ఆ దుకాణంలోనే ఒట్టి చెక్కబల్ల మీద జీనత్ పరీక్ష రాసింది. ల్యాప్‌టాప్ ఒక్కసారి కూడా ఆగలేదు. పది రోజులకు ఉద్యోగం వచ్చింది, పాత ప్రాసెసర్‌తోనే.

స్క్రూ కూడా దొరికింది, మనూర్‌లో ఫకీర్ మియా కుట్టిన పరుపు మీద పడుకున్న ఒక కొత్త పెళ్లికొడుకు వీపుకు.