మంత్రిగారు ఈదిన నీళ్ళు

"ఎండని చూసి ప్రజలు భయపడే రోజులు పోయాయి. ఇక ఎండే ప్రజల్ని చూసి భయపడాలి!" అని క్రీడల శాఖ మంత్రిగారు ప్రకటించగానే హాలంతా చప్పట్లతో మారుమోగింది. లోపల ఏమైందోనని బయట నిలబడ్డ బంట్రోతు తలుపు తీసి తొంగిచూశాడు. వేడిగాలి ఒక్క విసురు లోపలికి కొట్టింది.

"మూసెయ్యవయ్యా, ఏసీ పోతోంది!" అన్నారు మంత్రిగారు మైకులోనే. ఆ మాటకీ చప్పట్లు పడ్డాయి.

'ఆరుబయట ఆరోగ్యం' పథకం అలా పుట్టింది. వేసవిలో జనం ఇళ్ళల్లో ముడుచుకు కూర్చుని ఒళ్ళు పెంచేస్తున్నారనీ, ఆ బరువంతా ప్రభుత్వం మీదే పడుతోందనీ మంత్రిగారు వాపోయారు. ఎండాకాలంలో చురుగ్గా ఉండటానికి తనకి ప్రాణమైన మార్గాలు నాలుగున్నాయన్నారు. నడక, సైకిలు, తోటపని, ఈత. ఇవి మంత్రిగారికి ప్రాణమని ముందురోజు దాకా ఎవరికీ తెలీదు. మంత్రిగారికీ తెలీదు. ఉపన్యాసం రాసిపెట్టిన పీఆర్వోకి తెలుసు.

మంత్రిగారి మాటలకి మెరుగులు దిద్ది పత్రికలకి పంపడం పీఆర్వో ఉద్యోగం. మంత్రిగారు తుమ్మితే 'ప్రతిపక్షాలకు ఘాటైన సమాధానం' అని రాయగల దిట్ట. అయితే పాపం, మంత్రిగారి కుర్చీ ఉన్నంత కాలమే ఇతని స్టూలు. త్వరలో మంత్రివర్గంలో మార్పులుంటాయని గుసగుసలు మొదలయ్యాయి. ఎవరు పనిచేస్తున్నారో ముఖ్యమంత్రిగారు టీవీలో చూసి తెలుసుకుంటారన్నది జగమెరిగిన సత్యం.

సభ ముగుస్తుందనగా వెనక వరసలోంచి ఓ విలేకరి లేచింది. "సార్, ఈ నాలుగింటిలో మీరేం చేస్తారు?"

"నాలుగూ చేస్తా. ఎండలోనే చేస్తా. మీరందరూ చూస్తుండగా చేస్తా!" అన్నారు మంత్రిగారు ఆవేశంగా. చప్పట్లు ఆగాక పీఆర్వో వైపు వంగి, "ఏం చేస్తానన్నానయ్యా?" అని అడిగారు.

నడకతో మొదలుపెట్టారు. మంత్రిగారికి ఎండ తగలకుండా నలుగురు మనుషులు నాలుగు గుంజలు పట్టుకుని, పైన పందిరి గుడ్డతో సహా ఆయనతో పాటు నడిచారు. వెనక ఒకడు కూలరు తోసుకొచ్చాడు. కూలరు వైరు ఎందాకా వచ్చిందో మంత్రిగారి నడకా అందాకా సాగింది. గుంజలు మోసినవాళ్ళలో ఒకడు కళ్ళు తిరిగి కూలబడితే మంత్రిగారు స్వయంగా వాడి భుజం తట్టారు. "చూశారా, రోజూ నడిచే అలవాటు లేకపోతే ఇదిగో, ఇలాగే ఉంటుంది" అని కెమెరాలకి వివరించారు.

సైకిలు స్టాండు మీద నిలబెట్టి తొక్కారు. దాంతో ప్రమాదానికి తావు లేకపోయింది. తోటపనికి ఒక మొక్క నాటి, క్యానుతో నీళ్ళు పోశారు. క్యానులో నీళ్ళు లేవు. ఊరంతా నీటి ఎద్దడి ఉండగా ఒక్క చుక్క కూడా వృథా చెయ్యకుండా మొక్కకి నీళ్ళు పోసిన మంత్రి ఆయనేనని పీఆర్వో రాస్తే పత్రికలన్నీ వేసుకున్నాయి.

ఇక మిగిలింది ఈత. శాఖవారి ఈతకొలను చూసొద్దామని పీఆర్వో వెళ్ళాడు. అడుగున నెర్రెలు. వాచ్‌మన్ అందులో మంచం వేసుకుని హాయిగా గురక పెడుతున్నాడు.

"కొలనులో నీళ్ళు లేవు సార్" అన్నాడు తిరిగొచ్చి.

"ఈత కదా ముఖ్యం! నీళ్ళ గొడవ మనకెందుకు?"

"మునగడానికైనా ఉండాలి కద సార్."

మంత్రిగారు ఆలోచనలో పడ్డారు. "అయితే తెప్పించు. ముఖ్యమంత్రిగారు లైవులో చూస్తారట. నేను మునిగితే తేలాలి. నేను తేలకపోతే నువ్వూ మునుగుతావ్. అర్థమైందా?"

పీఆర్వోకి బాగా అర్థమైంది. పరుగున నీటి సరఫరా ఇంజనీరు దగ్గరికి వెళ్ళాడు. ఇంజనీరు కుర్చీలో వెనక్కి వాలి, "అన్ని కాలనీలకీ అరకొరగానే ఇస్తున్నాం. ఏదో ఒక కాలనీకి ఆపేసి, ఆ ట్యాంకర్లు మీకు మళ్ళించాలి. గొడవ చెయ్యని కాలనీ చూడాలి" అన్నాడు.

"అలాంటిదేదైనా ఉందాండీ?"

"కొలను పక్కనే ఉందిగా, మీ కాలనీ! మీరున్నారు, నచ్చచెప్పుకుంటారు."

పీఆర్వోకి ఇల్లు గుర్తొచ్చింది. అయినా తలూపాడు.

ఆ సాయంత్రం ఇంట్లో డ్రమ్ములు బోర్లించి ఉన్నాయి. అతని భార్య అంట్లన్నీ ఓ మూలకి నెట్టేసింది. ఆమె తల్లి వీళ్ళతోనే ఉంటుంది. వయసు మీద పడినా ట్యాంకరు దగ్గర ఆవిడ ముందు నిలబడి బకెట్టు పెట్టగలిగినవాళ్ళు ఆ కాలనీలో లేరు.

"అల్లుడుగారూ, మీరు ప్రభుత్వంలో మనిషి. రేపు ట్యాంకరొస్తుందా?" అని అడిగిందావిడ.

పీఆర్వో నీళ్ళు నమిలాడు. ఆ వేసవిలో నమలడానికైనా నీళ్ళు దొరికిన కొద్దిమందిలో అతనొకడు. "పైనించి వస్తే వస్తుంది అత్తయ్యా" అన్నాడు. ఆ రాత్రి అన్నం సహించలేదు. భార్య మొహంలోకి చూడటానికి ధైర్యమూ చాలలేదు.

మర్నాడు కొలను గట్టున కుర్చీలు వేశారు, కెమెరాలు పెట్టారు. తెల్లారినప్పటినుంచీ ట్యాంకర్లు కాలనీ కంటపడకుండా చుట్టూ తిరిగి వెనక దారిన వచ్చి నీళ్ళు పోసి వెళ్ళాయి. ఆఖరి ట్యాంకరు డ్రైవరుకి ఆలస్యమైంది. దగ్గర దారని కాలనీ మధ్యలోంచి కొట్టాడు.

అత్తగారు వీధి మలుపులోనే ఉంది. లారీ ఆగుతుందని బకెట్టు ముందుకి తోసింది. లారీ ఆగలేదు. ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎగదోపి దాని వెనక పరుగు లంకించుకుంది. "ఒరేయ్, ఆపరా!" అన్న కేక విని పక్కింటివాళ్ళు, ఎదురింటివాళ్ళు, మేడమీదవాళ్ళు, ఆఖరికి ఎవరితోనూ మాట్లాడని రిటైర్డ్ జడ్జిగారు కూడా బిందెలతో, టబ్బులతో వెంటపడ్డారు.

అప్పటికి మంత్రిగారు ఈతబట్టల్లో, నడుముకి గాలి ట్యూబుతో, ఛాతీ లోతు నీళ్ళలో నిలబడి దేశాన్నుద్దేశించి మాట్లాడుతున్నారు. గేటు దగ్గర దుమ్ము లేచింది.

"ఎవరయ్యా వాళ్ళు?"

పీఆర్వో చూశాడు. అందరికంటే ముందు అత్తగారు. ఆ వెనక టబ్బుతో భార్య. పై ప్రాణాలు పైనే పోయాయి. కానీ వృత్తి ధర్మం నోరు మూతపడనివ్వలేదు. "మీ పిలుపందుకుని జనం సార్! ఎండలో పరుగు!"

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. గేట్లు తెరవమన్నారు. మొదట చేరిన వృద్ధురాలికి నీళ్ళలోంచే చెయ్యి చాచి మెడలో పతకం వేశారు. మైకు ఆవిడ నోటి దగ్గర పెట్టించారు.

"ఈ వయసులో ఇంత పరుగు! రహస్యమేంటమ్మా?"

"ఆగలేదు నాయనా" అంది ఆవిడ రొప్పుతూ. లారీ అనడానికి ఊపిరి చాలలేదు.

"విన్నారా! ఆగకూడదు! అదే మా సందేశం!"

అత్తగారు ఊపిరి పీల్చుకుని కొలనులోకి చూసింది. ఇంత నీరు ఒక్కచోట ఆ వేసవిలో ఆవిడ చూడలేదు. "ఇవెవరి నీళ్ళు నాయనా?" అని అడిగింది.

"మీవే తల్లీ!" మంత్రిగారు రెండు చేతులూ పైకెత్తారు. "ఈ ప్రభుత్వంలో ప్రతి చుక్కా ప్రజలదే!"

ప్రజలు మంత్రిగారి మాట అక్షరాలా నమ్మడం ఆయన రాజకీయ జీవితంలో అదే మొదటిసారి. అత్తగారు బకెట్టు ముంచింది. వెనక బిందెలు మునిగాయి. ఇంటికెళ్ళినవాళ్ళు డ్రమ్ములతో, రిక్షాలతో తిరిగొచ్చారు. జడ్జిగారు వరస పెట్టించారు. మంత్రిగారు కెమెరాల కోసం చేతులాడిస్తూనే ఉన్నారు. ఛాతీ దాకా ఉన్న నీళ్ళు నడుము దాకా వచ్చాయి. నడుమునుంచి మోకాళ్ళకి దిగాయి. గాలి ట్యూబు మాత్రం ఆయన్ని వదల్లేదు.

"ఆపించవయ్యా!" అన్నారు పళ్ళ బిగువున. "నీ ఉద్యోగం ఊడపీకిస్తా!"

పీఆర్వో పోలీసుల వైపు తిరిగాడు. ఒక్క మాట అంటే చాలు, లాఠీలు లేస్తాయి. నోరు తెరిచాడు. అప్పుడే భార్య నిండు టబ్బు అతని చేతుల్లో పెట్టింది. మొహమంతా చెమట, జుట్టు చెదిరిపోయింది.

"ఏమండీ, ఇది గేటు దాకా పట్టండి. నడుం పడిపోతోంది."

అతను టబ్బు కేసి చూశాడు, మంత్రిగారి కేసి చూశాడు. తెరిచిన నోరు మూసుకుని టబ్బెత్తుకుని నడిచాడు. వెనకనుంచి మంత్రిగారు తిడుతూనే ఉన్నారు గానీ, నీళ్ళు ఒలక్కుండా మొయ్యడం మీద ధ్యాస ఉన్నవాడికి అవేవీ వినపడలేదు. గేటు దాకా వెళ్ళి దించి, ఇంకో టబ్బు కోసం మళ్ళీ వెనక్కొచ్చాడు.

చివరికి అడుగున తడి మాత్రమే మిగిలింది. మంత్రిగారు తడి నేల మీద నడుచుకుంటూ మెట్లెక్కి వెళ్ళిపోయారు.

స్టూలు మీద ఆశ వదులుకున్నాక పీఆర్వో ఆఖరి పత్రికా ప్రకటన రాశాడు. 'ఈత ముగించిన మంత్రిగారు అదే కొలనులో నడక కూడా ప్రారంభించారు.' సంతకం పెట్టి, సంచీ సర్దుకుంటుంటే ఫోను మోగింది. ముఖ్యమంత్రి కార్యాలయం. కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు.

"ముఖ్యమంత్రిగారు మొత్తం లైవు చూశారు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. కాళ్ళకింద నీళ్ళు తీసి ప్రజలకిచ్చిన నాయకుణ్ణి ఇంతవరకూ చూడలేదన్నారు. ఒక్క పూటలో ఒక కాలనీ మొత్తానికి నీళ్ళందించిన మనిషి ఇంకా క్రీడల్లో ఉండటమేమిటని అడిగారు."

ఆ వారమే మార్పులు జరిగాయి. మంత్రిగారికి నీటి సరఫరా శాఖ దక్కింది. అంతవరకూ నీటి సరఫరా చూసినాయన క్రీడలకి మారి, జనం ఇళ్ళల్లో కూర్చుని ఆడుకునే ఆటల మీద దృష్టి పెడతానన్నారు. కొత్త శాఖలో మంత్రిగారు చేసిన మొదటి ప్రకటన, రాష్ట్రంలో నీటి ఎద్దడి లేదని. అది పీఆర్వోయే రాశాడు. స్టూలు స్థానంలో అతనికి కుర్చీ వేశారు.

ఇంటికొచ్చేసరికి డ్రమ్ములు మళ్ళీ బోర్లించి ఉన్నాయి. అత్తగారు వాటి పక్కన కూర్చుని విసురుకుంటోంది.

"మన మంత్రిగారికి నీళ్ళ శాఖ ఇచ్చారు అత్తయ్యా" అన్నాడతను, వీలైనంత సంతోషంగా.

ఆవిడ విసనకర్ర ఆపింది.

"మంచిదే. మళ్ళీ ఎప్పుడు ఈదుతాడట?"